కబడ్డీ జట్టులో స్థానాల విలువ

వృత్తి కబడ్డీలో జట్టుకు బరిలో ఏడుగురు ఉంటారు. ఇద్దరు కార్నర్లు, ఇద్దరు కవర్లు, ఇద్దరు ‘ఇన్’ ఆటగాళ్ళు, మధ్యలో ఒక సెంటర్. నిలబడే చోటును బట్టి వచ్చిన పేర్లివి. చేసే పనిని బట్టి చూస్తే వాళ్ళు రైడర్లు, డిఫెండర్లు, రెండూ చేసే ఆల్‌రౌండర్లు. సాధారణంగా కార్నర్లు, కవర్లు కలిసి నలుగురూ పట్టుకే ప్రత్యేకించినవాళ్ళు. ఇన్, సెంటర్ స్థానాల్లో రైడర్లు నిలబడతారు. ఎదుటి జట్టు కూతకు వచ్చినప్పుడు వాళ్ళు గొలుసులో సాయం పట్టడమే తప్ప ముందుగా దూకడం తక్కువ. వీటిలో ఏ స్థానం విలువైనది అన్న ప్రశ్నకు 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యేదాకా డబ్బు లెక్కలో జవాబు లేదు. అప్పటినుంచి వేలంపాట ప్రతిసారీ ఒక జవాబు చెబుతోంది. ఆ జవాబు సగమే సరైనదని ఈ వ్యాసం వాదన. దానికి అన్నిటికన్నా గట్టి రుజువు తెలుగు టైటాన్స్ జట్టు చరిత్రలోనే ఉంది.

బరి, నియమాలు

పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. వెడల్పులో ఇరుపక్కలా ఒక్కో మీటరు లాబీ. పెనుగులాట మొదలయ్యాకే లాబీ ఆటలోకి వస్తుంది. నడిమి గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మరో మీటరు లోపల బోనస్ లైన్ ఉంటాయి. రైడర్ ఎవరినీ తాకకపోయినా బాక్ లైన్ దాటి తీరాలి. ఎదుట ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడే బోనస్ దక్కుతుంది. కూత గడువు 30 సెకన్లు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది ‘డూ ఆర్ డై’, అంటే పాయింటు తేవాలి, లేదా ఔటవ్వాలి. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి రైడర్‌ను పట్టేస్తే సూపర్ ట్యాకిల్ కింద ఒక పాయింటు అదనంగా వస్తుంది. అందరూ ఔటైతే ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అదనం.

స్థానాల విలువను అన్నిటికన్నా ఎక్కువగా శాసించే నియమం మాత్రం వేరే ఉంది. టీవీలో చూసేవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోరు. ఔటైన ఆటగాడు తనంతట తాను బరిలోకి రాలేడు. తన జట్టు ఎవరినైనా తాకో, పట్టో పాయింటు సాధిస్తే ఒకరు తిరిగొస్తారు. బోనస్ పాయింటుకు ఎవరూ రారు. కోట్లు పోసి కొన్న రైడర్ పట్టుబడి బెంచీ మీద కూర్చుంటే అతణ్ణి మళ్ళీ లోపలికి తెచ్చే పని తరచుగా కార్నర్ చేతిలో ఉంటుంది. ఆ కార్నర్ చెయ్యి జారిందంటే, జట్టు కొన్న కూత ఆట నడిచే సేపంతా ఊరికే కూర్చుంటుంది.

మట్టి మీద, మ్యాట్ మీద

పల్నాడు ఊళ్ళలో ఈ ఆటను పెద్దవాళ్ళు ఇప్పటికీ చెడుగుడు అనే అంటారు. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల చుట్టుపక్కల బరి గీతలు గీయడానికి సున్నానికి వెతుక్కోనక్కరలేదు. కావలసిందల్లా రాళ్ళు ఏరిన నేల, ఈల ఊదే ఒక పెద్దమనిషి. సంక్రాంతికి ఒకపక్క ఎడ్ల బండలాగుడు, మరోపక్క కబడ్డీ జరగడం ఈ ప్రాంతంలో మామూలు. మట్టి ఆటలో గడియారం ఉండదు, ఊపిరే గడువు. కాబట్టి కూత ఎక్కువసేపు ఆపగలిగినవాడే మొనగాడు. ఎదుటివాళ్ళను విసిగించి, అలసిపోయేలా చేసి, ఎవడో ఒకడు ఆవేశపడి ముందుకొచ్చాక తాకి వచ్చేవాడు.

ముప్పై సెకన్ల గడియారం ఆ విద్యకు విలువ తీసేసింది. మ్యాట్ మరో మార్పు తెచ్చింది. మట్టి మీద జారే కాలు మ్యాట్ మీద, అందులోనూ బూటు తొడిగాక, ఆగినచోట ఆగుతుంది. దాంతో రైడర్ ఒక్కసారిగా దిశ మార్చగలుగుతున్నాడు, అదే అదునులో కార్నర్ కూడా ఒక్క ఉరుకులో చీలమండ అందుకోగలుగుతున్నాడు. ఊరి జట్టులో కార్నర్‌లో నిలబెట్టేది చాలాసార్లు బలంగా ఉన్నవాణ్ణి, లేదా కూతకు పనికిరాడని తేలినవాణ్ణి. వృత్తి ఆటలో ఆ స్థానానికి కావలసింది బలం కన్నా ముందు ఓర్పు. రైడర్ వేసే దొంగ అడుగులకు పది సార్లు కదలకుండా నిలబడి, పదకొండోసారి దూకాలి.

ఊరి జనం కళ్ళు మాత్రం ఎప్పుడూ కూతగాడి మీదే. తెలుగు సినిమాలూ ఆ దారినే నడిచాయి. ‘ఒక్కడు’ (2003) వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా కార్నర్‌లో నిలబడి చీలమండలు పట్టే కథానాయకుడి కోసం ఎవరూ కథ రాసినట్టు లేదు.

వేలంపాట చెప్పే వరస

2014 తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పలికింది. పట్నా పైరేట్స్ ఆయనకు ఇచ్చింది 12.80 లక్షల రూపాయలు. 2017లో యూపీ యోధా నితిన్ తోమర్‌ను 93 లక్షలకు కొంది. మరుసటి ఏడు, 2018లో, కోటి గీత దాటింది. ఆ ఏడాది మోనూ గోయత్‌కు హరియాణా స్టీలర్స్ 1.51 కోట్లు ఇవ్వడం వార్తల్లో నిలిచింది గానీ, వేలంలో కోటి పలికిన మొట్టమొదటి ఆటగాడు రైడర్ కాదు. ఇరాన్‌కు చెందిన లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి. కొన్నది యూ ముంబా.

ఆ తర్వాత రైడర్ల ధరలు పరుగెత్తాయి. 2019లో తెలుగు టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌కు 1.45 కోట్లు, 2021లో యూపీ యోధా ప్రదీప్ నర్వాల్‌కు 1.65 కోట్లు, 2022లో తమిళ్ తలైవాస్ పవన్ సెహ్రావత్‌కు 2.26 కోట్లకు పైగా పెట్టాయి. 2023లో తెలుగు టైటాన్స్ అదే పవన్‌ను 2.605 కోట్లకు పాడింది. లీగ్‌లో అంతకు మించిన ధర అప్పటికి లేదు. అదే వేలంలో పుణేరీ పల్టన్ 2.35 కోట్లు పెట్టి ఇరాన్ లెఫ్ట్ కార్నర్ మహమ్మద్‌రెజా షాద్‌లూయీని తీసుకుంది. 2025 వేలంలో మొదటి నాలుగు ధరలు చూస్తే వరసగా షాద్‌లూయీ (2.23 కోట్లు), రైడర్ దేవాంక్ దలాల్ (2.205 కోట్లు), రైడర్ అశు మలిక్ (1.90 కోట్లు), లెఫ్ట్ కార్నర్ అంకిత్ జగ్లాన్ (1.573 కోట్లు). అంటే పై నాలుగింటిలో రెండు కూతకు, రెండు ఎడమ మూలకు. పదేళ్ళ క్రితం ఏ యజమానీ ఊహించని వరస ఇది.

కవర్ల సంగతి వేరు. 2024లో రైట్ కవర్ సునీల్ కుమార్‌కు యూ ముంబా 1.015 కోట్లు ఇచ్చేదాకా భారతీయ డిఫెండర్ ఎవరికీ అంత పలకలేదు. ఇన్, సెంటర్ స్థానాలకు విడిగా ధరే లేదు. అక్కడ నిలబడే మనిషి కూతను బట్టే బేరం.

ప్రధాన రైడర్

మొదటి స్థానం ఇతనిదే. ఇందులో వేలంతో పేచీ లేదు. పట్టు విజయవంతమైతే ఒక పాయింటు, మహా అయితే రెండు. కూత ఒక్కటే ఒక్క దెబ్బకు మూడు, నాలుగు, ఇంకా పైన తేగలదు. 2017 ఎలిమినేటర్‌లో హరియాణా స్టీలర్స్ మీద ప్రదీప్ నర్వాల్ ఒకే కూతలో 8 పాయింట్లు తెచ్చాడు, మ్యాచ్‌లో మొత్తం 34. ఆ సీజన్‌లో అతని రైడ్ పాయింట్లు 369. 2019లో పవన్ సెహ్రావత్ ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు సాధించి ఆ మ్యాచ్ రికార్డును దాటాడు.

రైడర్‌ను మొదట పెట్టడానికి ఇంకా బలమైన సాక్ష్యం గుజరాత్ జట్టు ఇస్తుంది. 2017లో ఆ జట్టు పట్టును చూసి కబడ్డీ లోకం ముచ్చటపడింది. ఎడమ మూల ఫజల్, కుడి మూల అబోజర్ మిఘానీ, కవర్లలో సునీల్ కుమార్, పర్వేశ్ భైన్స్‌వాల్. ఫైనల్లో ప్రదీప్ ఉన్న పట్నా చేతిలో 55-38తో ఓడింది. ఆ తర్వాతి సీజన్‌లో కవర్ల జంట చెక్కుచెదరకుండా మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది. ఈసారి బెంగళూరు బుల్స్ తరఫున పవన్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి 38-33తో కప్పు ఎత్తుకుపోయాడు. ఒక్క రాత్రి ఆటలో అసాధారణ రైడర్ ఎంతటి గోడనైనా దాటిపోగలడు.

అయితే ఇది ఎక్కువకాలం నిలిచే సరుకు కాదు. ప్రతి కూతలోనూ మోకాలు, చీలమండ, భుజం పందెంలో ఉంటాయి. 2022లో తమిళ్ తలైవాస్ పవన్ కోసం అంత పెట్టాక అతను మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. విచిత్రం, ఆ జట్టు తొలిసారిగా సెమీఫైనల్‌కు చేరింది ఆ సీజన్‌లోనే. నరేందర్ కండోలా కూతలకు తోడు సాగర్, సాహిల్ గులియాల మూలలు, కవర్లు కలిసి నడిపిన సీజన్ అది. 2023లో 2.605 కోట్లు పలికిన పవన్‌ను 2025లో అదే తలైవాస్ 59.50 లక్షలకు తెచ్చుకుంది.

కార్నర్లు

రైడర్ ఒక మూల వైపు తిరిగి చెయ్యో కాలో చాచినప్పుడు అతని వీపు రెండో మూలకు కనిపిస్తుంది. ఆ రెండో మూలవాడు కదిలే క్షణంలోనే పట్టు గెలుస్తుందో ఓడుతుందో తేలుతుంది. చీలమండ పట్టు, తొడ పట్టు ఇతని ఆయుధాలు. తొందరపడితే రైడర్‌కు ఉచిత పాయింటు, ఆలస్యమైతే అతను నడిమి గీత దాటేస్తాడు. అందుకే ఈ పని తెలిసినవాళ్ళు చాలా ఏళ్ళు ఆడగలుగుతారు. ఫజల్ లీగ్‌లో 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడు. అదే కాలంలో వచ్చిన రైడర్లలో సగంమంది పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు.

రెండు మూలల్లో ఎడమదానికే ధర ఎక్కువ. ఫజల్, షాద్‌లూయీ, అంకిత్ ముగ్గురూ ఎడమ మూలవాళ్ళే. తెలుగు టైటాన్స్ అభిమానులకు ఈ స్థానం అనగానే విశాల్ భరద్వాజ్ గుర్తొస్తాడు. అతను ఉన్న సీజన్లలో జట్టు గెలుపోటములు ఎలా ఉన్నా ఆ మూల మాత్రం ఎదుటి రైడర్లకు ఇబ్బందిగానే ఉండేది. కుడి మూలను మార్కెట్ తక్కువగా చూస్తుంది. కానీ ఎడమ మూలవాడు ఎంత గొప్పవాడైనా కుడి మూల బలహీనంగా ఉంటే తెలివైన రైడర్ కూత అంతా అటే నడుపుతాడు. ఎడమ మూల గడువంతా చూస్తూ నిలబడాల్సిందే. కాబట్టి ఈ వ్యాసం వరసలో రెండో స్థానం లెఫ్ట్ కార్నర్‌కు, అతనికి అంగుళం కింద మూడోది రైట్ కార్నర్‌కు. రెండో రైడర్ వాళ్ళ తర్వాతే. వేలం అతణ్ణి తరచుగా వాళ్ళకన్నా పైన పెడుతుంది, అక్కడే పొరపాటు.

తెలుగు టైటాన్స్: డబ్బు ఒకచోటే పెడితే

టైటాన్స్ మొదటి సీజన్‌నుంచీ రైడర్‌ను నమ్ముకున్న జట్టు. తొలి ఏళ్ళలో రాహుల్ చౌదరి పేరు మీదే జట్టు నడిచింది. 2018లో అతణ్ణి నిలుపుకోడానికి 1.29 కోట్లు పెట్టింది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చాక పన్నెండు జట్లలో పదకొండో స్థానంలో నిలిచింది. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు. 2022లో రెండు. ఆ నేపథ్యంలో వచ్చాడు పవన్.

2023లో ఒక్కో జట్టు వేలానికి ఖర్చు పెట్టగల మొత్తం 5 కోట్లు. అందులో 2.605 కోట్లు ఒక్క మనిషికి పోయాయి, అంటే సగానికి పైగా. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగతా పదిహేడుమందినీ మిగిలిన సొమ్ములో సర్దుకోవాలి. పవన్ తన పని చేశాడు, 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు 22 మ్యాచ్‌లలో రెండు గెలిచి వరుసగా మూడోసారి అట్టడుగున నిలిచింది. ఆ సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో, టైటాన్స్ సొంతగడ్డ మీదే జరిగింది. పుణేరీ పల్టన్ 28-25తో హరియాణా స్టీలర్స్‌ను ఓడించింది. పల్టన్ పెట్టిన పెద్ద మొత్తం ఎడమ మూలలో నిలబడ్డ షాద్‌లూయీ మీద. రైడర్లు అస్లమ్ ఇనాందార్, మోహిత్ గోయత్ వేలంలో రికార్డు ధరకు కొన్నవాళ్ళు కారు, సొంతంగా పెంచుకున్నవాళ్ళు. ఒకే వేలంలో దాదాపు ఒకే మొత్తం రెండు వేర్వేరు స్థానాలకు వెళ్ళింది. ఒకటి కప్పు తెచ్చింది, ఒకటి ఆఖరి స్థానం తెచ్చింది. ఇద్దరు ఆటగాళ్ళ చుట్టూ ఉన్న జట్లు వేరు కాబట్టి దీన్ని గణిత సూత్రంలా తీసుకోకూడదు. ఆ సంగతి ఒప్పుకున్నాక కూడా లెక్క మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది.

టైటాన్స్ పాఠం నేర్చినట్టే కనిపిస్తుంది. 2024లో పవన్‌ను 1.725 కోట్లకే నిలుపుకుని మిగతా సొమ్ము పంచింది. కోచ్ క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. పవన్ గాయపడ్డాక విజయ్ మాలిక్ భారం ఎత్తుకున్నాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. 2025లో పవన్ లేడు. భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చారు, విజయ్ మాలిక్ కెప్టెన్. ఇద్దరూ కూతా పట్టూ తెలిసినవాళ్ళు. విశాఖపట్నంలో మొదలైన ఆ సీజన్‌లో టైటాన్స్ క్వాలిఫయర్-2 దాకా వెళ్ళి పుణేరీ చేతిలో 50-45తో ఓడింది.

ఆల్‌రౌండర్ ఎక్కడ?

ఆల్‌రౌండర్‌ది నిలబడే స్థానం కాదు. అందుకే వరసలో ఇతణ్ణి ఎక్కడ పెట్టాలో తేలదు. ప్రయోజనం మాత్రం స్పష్టం. ముగ్గురే మిగిలినప్పుడు జట్టుకు కూతకు వెళ్ళగలిగిన డిఫెండర్ ఉండడం ప్రాణం నిలబెడుతుంది. హరియాణా స్టీలర్స్ కప్పు గెలిచిన 2024 సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం షాద్‌లూయీకి దక్కింది. ఎడమ మూలలో నిలబడి, అవసరమైనప్పుడు కూతకూ వెళ్ళినందుకు వచ్చిన గౌరవం అది.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో పోలిక

స్థానాలకు ధర కట్టే విద్యను ఎక్కువగా సాన పట్టింది అమెరికా ఎన్‌ఎఫ్‌ఎల్. అక్కడ జట్టులో 53 మంది, 1994 నుంచి జీతాలకు పరిమితి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ది తిరుగులేని మొదటి స్థానం. డాక్ ప్రెస్కాట్‌తో డాలస్ జట్టు 2024లో ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం 2012లో ఏడ్రియన్ పీటర్సన్‌కు దక్కాక మళ్ళీ క్వార్టర్‌బ్యాక్ కానివాడికి రాలేదు. ఆ వెంటనే వచ్చేది మాత్రం ఆసక్తికరం. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్, అతణ్ణి అడ్డుకునే లెఫ్ట్ ట్యాకిల్ పెద్ద జీతగాళ్ళు. బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్, ఒకప్పటి జనం హీరో, ఇప్పుడు వాళ్ళకన్నా చాలా కింద.

కుడిచేత్తో విసిరేవాడికి కనపడని పక్కను కాసేవాడు లెఫ్ట్ ట్యాకిల్. కబడ్డీలో రైడర్ చూడని పక్క నుంచి వచ్చేవాడు కార్నర్. రెండు ఆటల్లోనూ కనపడని పక్కకే ధర పెరిగింది. తేడా ఒక్కటి. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. ప్రెస్కాట్ సగటు జీతం అందులో ఐదోవంతుకు కాస్త పైన. అంతగా ఆరాధించే స్థానానికి కూడా అమెరికన్లు సగం సొమ్ము పోయరు.

కవర్లు, మిగిలినవాళ్ళు

వరసలో నాలుగో స్థానాన్ని ఈ వ్యాసం కవర్ల జంటకు ఇస్తుంది, విడివిడిగా కాదు, జంటగా. కవర్ పని అడ్డుకోవడం, భుజంతో గుద్ది బయటికి తోయడం, మూలవాడు కాలు పట్టగానే మీద పడి ఆపడం. జాతీయ సీనియర్ పురుషుల పోటీల్లో ఆటగాడి బరువు 85 కిలోలు దాటకూడదు. ఆ పరిమితికి దగ్గరగా తూగేవాళ్ళు తరచుగా ఇక్కడే కనిపిస్తారు. ఒకరు ముందుకొస్తే రెండోవారు ఏ క్షణంలో కలవాలో మాటల్లేకుండా తెలియాలి. ఆ తెలివి ఏళ్ళ తరబడి కలిసి ఆడితే వచ్చేది. వేలం దాన్ని కొనలేదు, విడగొట్టగలదు. గుజరాత్‌లో జంటగా వెలిగిన సునీల్, పర్వేశ్ 2022లో విడిపోయారు. సునీల్ కెప్టెన్‌గా జైపూర్ ఆ ఏడాది కప్పు గెలిచింది. పర్వేశ్ తెలుగు టైటాన్స్‌కు వచ్చాడు. అతనిలో నైపుణ్యం తగ్గలేదు, పక్కన పాత మనిషి లేడు.

ఐదో స్థానం రెండో రైడర్‌ది. ప్రధాన రైడర్ బెంచీ మీద ఉన్నప్పుడు డూ ఆర్ డైకి వెళ్ళేది ఇతనే. గణాంకాల్లో ఇతని సగటు తక్కువగా కనిపించడానికి సగం కారణం అదే. ఎప్పుడూ కష్టమైన కూతలే ఇతని వాటాకు వస్తాయి. మూడో రైడర్, అంటే మామూలుగా సెంటర్‌లో నిలబడే మనిషి, ఆఖర్న. బోనస్ గీత దగ్గర కాలు చాచడం బాగా తెలిసినవాడైతే అతని ధర కొద్దిగా పెరుగుతుంది, ఎదుట ఆరుగురున్నంత సేపే.